వీలునామాకు నాలుగు మార్కులు, గిఫ్టు డీడుకు ఒకటి: సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు సేవలపై సమీక్ష

ఏ ఊళ్లో చూసినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట ఒక వరస దుకాణాలుంటాయి. దస్తావేజు లేఖరులు, జిరాక్సు మిషన్లు, స్టాంపు పేపర్లు, పాస్‌పోర్టు ఫొటోలు. అమ్మనో నాన్ననో, అత్తగారినో ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్నవాళ్లు ఆస్తి కాగితాలు ఒక కొలిక్కి తెద్దామని బయల్దేరితే ముందు ఆగేది అక్కడే. అక్కడ ముఖ్యంగా మూడు కాగితాలు రాసిస్తారు: వీలునామా, గిఫ్టు సెటిల్‌మెంటు (బతికుండగానే ఆస్తి రాసిచ్చేసే గిఫ్టు డీడు), జీపీఏ (తన తరఫున పనులు చేసే అధికారం ఇంకొకరికిచ్చే పత్రం). మూడూ రిజిస్టరయ్యేవే. అదే టేబులు, అదే వేలిముద్ర మిషను. కానీ ఆ పెద్దమనిషి రేపు ఎలా బతుకుతారన్న లెక్కన చూస్తే మూడింటికీ ఏనుగుకీ దోమకీ ఉన్నంత తేడా ఉంది.

మా మార్కులు ముందే చెప్పేస్తాం. వీలునామా రిజిస్ట్రేషన్‌కు ఐదుకు నాలుగు. జీపీఏకు రెండు, అదీ మనిషి స్పృహలో, మంచి మతిలో ఉన్నంతకాలమే. పోషణ షరతు రాయని గిఫ్టు డీడుకు ఒకటి. విచిత్రం ఏమిటంటే దుకాణాల్లో గట్టిగా సిఫారసు చేసేది ఆ మూడోదాన్నే. "వీలునామా అయితే రేపు కోర్టులో కొట్టేస్తారండీ, గిఫ్టు చేయించేయండి, పని అయిపోతుంది" అంటారు. పని అయిపోయేది పిల్లలకు. పెద్దవాళ్లకు అక్కడే మొదలవుతుంది.

వీలునామా సంగతి ముందు చూద్దాం. దీనికి స్టాంపు డ్యూటీ లేదు. తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది, బాండు పేపరు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ కూడా చట్టప్రకారం తప్పనిసరి కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 18వ సెక్షను దాన్ని రాసినవారి ఇష్టానికే వదిలింది. ఇంటి అమ్మకం దస్తావేజులా నాలుగు నెలల గడువు కూడా దీనికి లేదు, ఎప్పుడైనా తీసుకెళ్లవచ్చు. ఇంకో వెసులుబాటు చాలామందికి తెలియదు. ఆస్తి గుంటూరులో ఉన్నా, హైదరాబాదులో కూతురింట్లో ఉంటున్న తల్లి అక్కడే వీలునామా రాసి అక్కడి ఆఫీసులోనే రిజిస్టరు చేయించుకోవచ్చు. మోకాళ్లు అరిగిపోయిన మనిషిని కారెక్కించి మూడు వందల కిలోమీటర్లు తిప్పే పని లేదు.

అసలు లేవలేని స్థితిలో ఉంటే ఆఫీసరే ఇంటికి వస్తారు. అదే చట్టంలోని 31, 38 సెక్షన్లు ఇందుకోసమే ఉన్నాయి. డాక్టరు సర్టిఫికెట్ జత చేసి దరఖాస్తు పెట్టి, విజిట్ ఫీజు కట్టాలి. ఈ సేవ మంచిది, కానీ దాన్ని సరిగ్గా వాడుకోవడం చూసుకునేవాళ్ల చేతుల్లో ఉంది. వయసు మళ్లినవారికి ఉదయం పూట మతి తేటగా ఉంటుంది, సాయంత్రానికి తికమక పెరుగుతుంది. కాబట్టి ఉదయం సమయమే అడగండి. చెవి మిషనులో కొత్త సెల్లు వేయండి, కళ్లద్దాలు తుడిచి పెట్టండి. "ఈ కాగితంలో ఏముందో తెలుసా అమ్మా?" అని ఆఫీసరు అడిగినప్పుడు ప్రశ్న వినపడక ఆమె కొడుకు మొహంకేసి చూస్తే, అక్కడున్న అందరికీ అది మతి తప్పడంలాగే కనిపిస్తుంది. ఆస్పత్రి నుంచి డిశ్చార్జి అయిన వారంలో, మత్తు మందులు నడుస్తుండగా మాత్రం ఈ పని పెట్టుకోకండి. ఆ తేదీ కేస్ షీటు రేపు అవతలి పక్షం చేతిలో ఉంటుంది.

వేలిముద్ర మిషను దగ్గర మరో చిక్కు. పొలం పనో వంట పనో చేసి అరిగిపోయిన వేళ్లను ఆ అద్దం గుర్తుపట్టదు. నాలుగైదుసార్లు నొక్కించాక "రేపు రండి" అంటారు. ముందురోజు రాత్రి వేళ్లకు కొబ్బరినూనె రాసి, పొద్దున సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచి తీసుకెళితే చాలావరకు పడుతుంది. చిన్న సంగతే, కానీ ఎనభై ఏళ్ల మనిషికి రెండో ప్రయాణం తప్పుతుంది.

ఇక్కడ ఒక మార్కు ఎందుకు తగ్గించామో చెప్పాలి. రిజిస్టరు చేశాం కాబట్టి ఇక ఎదురు లేదనుకోవడం పెద్ద పొరపాటు. భారత వారసత్వ చట్టం, 1925లోని 63వ సెక్షను ప్రకారం రాసినవారు సంతకమో వేలిముద్రో వేయడాన్ని ఇద్దరు సాక్షులు చూడాలి, లేదా "ఈ సంతకం నాదే" అని ఆయన నోటితో వినాలి. తర్వాత ఆయన ఎదుటే తాము సంతకం చేయాలి. రేపు గొడవ వస్తే, ఆ ఇద్దరిలో బతికున్నవారు కనీసం ఒకరు బోనెక్కి ఆ మాట చెప్పాలి. పాత సాక్ష్య చట్టం 68వ సెక్షను, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియం 67వ సెక్షను చెప్పేది ఇదే. రిజిస్టరైన మిగతా దస్తావేజులకు ఉన్న మినహాయింపు వీలునామాకు వర్తించదు.

మరి దుకాణాల దగ్గర జరిగేదేమిటి? సాక్షులు కూడా అక్కడే దొరుకుతారు. టీ కొట్టు దగ్గర నిలబడ్డ మనిషి వందో రెండు వందలో తీసుకుని సంతకం పెడతాడు. ఒక్కోసారి నాన్నగారు కారు దిగకముందే సాక్షి సంతకాలు అయిపోయి ఉంటాయి. పదిహేనేళ్ల తర్వాత ఆ సాక్షిని ఎక్కడ వెతుకుతారు? దొరికినా, "ఆయన సంతకం పెడుతుంటే చూశావా?" అని వకీలు అడిగిన మొదటి ప్రశ్నకే కాగితం కూలిపోతుంది. సాక్షులుగా, వీలునామా రాసినవారికంటే చిన్న వయసువాళ్లను, ఊళ్లోనే స్థిరంగా ఉండేవాళ్లను, ఆస్తిలో చిల్లిగవ్వ రానివాళ్లను ఎంచుకోండి. ఏళ్లుగా వైద్యం చేస్తున్న డాక్టరుగారు ఒక సాక్షిగా ఉంటే అంతకు మించినది లేదు. అదే రోజు తేదీతో "మానసికంగా ఆరోగ్యంగా ఉన్నారు, విషయం గ్రహించి మాట్లాడుతున్నారు" అని ఆయన లెటర్‌హెడ్ మీద ఒక సర్టిఫికెట్ కూడా తీసుకోండి.

చూసుకునేవారికే ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఇంకొకటి ఉంది. వెంకటాచల అయ్యంగార్ కేసులో 1959లోనే సుప్రీంకోర్టు చెప్పింది: వీలునామావల్ల పెద్ద లాభం పొందే మనిషే దాన్ని దగ్గరుండి రాయిస్తే, అది అనుమానించాల్సిన పరిస్థితే, ఆ అనుమానాన్ని తీర్చే భారం ఆ మనిషిదే. ఎవరు దగ్గరుండి చూసుకుంటారో వాళ్లకే ఎక్కువ వాటా ఇవ్వాలని పెద్దవాళ్లకు ఉంటుంది, అది న్యాయం కూడా. కానీ లేఖరితో మాట్లాడింది వాళ్లే, ఫీజు కట్టింది వాళ్లే, కారులో తీసుకెళ్లింది వాళ్లే అవుతారు. అందుకని లేఖరికి విషయం చెప్పే పని పెద్దాయనే స్వయంగా చేయాలి. ఫీజు ఆయన ఖాతాలోంచే వెళ్లాలి. సంతకం వేళ లాభం పొందేవారు గదిలో ఉండకూడదు. "నా పెద్ద కుమారుడికి 2009లో ఇంటి స్థలం కొనిచ్చాను, చిన్న కుమార్తె ఆరేళ్లుగా నన్ను చూసుకుంటోంది, అందుచేత" అంటూ కారణం వీలునామాలోనే రాయించాలి. తక్కువ వచ్చిన బిడ్డ పేరు, ఎందుకు తక్కువో కూడా ఉండాలి. పేరే లేకపోతే "నాన్న నన్ను మరిచిపోయాడు, మతిలో లేడు" అనే వాదనకు తలుపు తెరిచినట్టే.

కోడళ్లకైతే వీలునామా తప్ప దిక్కు లేదు. హిందూ వారసత్వ చట్టంలో అత్తమామల ఆస్తికి కోడలు వారసురాలు కాదు, ముందే చనిపోయిన కొడుకు భార్య అయితేనే, అదీ ముఖ్యంగా మామగారి ఆస్తిలో, వాటా వస్తుంది. పదేళ్లు మంచం దగ్గర సేవ చేసినది ఆమే అయినా, కాగితం లేకపోతే ఆమె పేరు ఎక్కడా ఉండదు.

ఇప్పుడు షెడ్యూలు, అంటే కాగితంలో ఆస్తి వివరాలు రాసే భాగం. లేఖరి కంప్యూటరులో పాత దస్తావేజు ఒకటి తెరిచి పేర్లు మారుస్తాడు, చెక్కుబందీ (నాలుగు హద్దులు) మార్చడం మరిచిపోతాడు. తూర్పు హద్దు పక్కింటాయన 1990లోనే అమ్మేసి వెళ్లిపోయి ఉంటాడు. "దక్షిణం: పంచాయతీ రోడ్డు" అన్నచోట ఇప్పుడు మున్సిపాలిటీ. సంతకానికి ముందు ప్రింటు తీసుకుని లింకు డాక్యుమెంటు (ఆ ఆస్తి పాత దస్తావేజు) పక్కన పెట్టుకుని ఒక్కో వరుసా వేలు పెట్టి చదవాలి. పొలానికి సర్వే నంబరు, సబ్ డివిజన్, ఖాతా నంబరు, విస్తీర్ణం సరిచూడండి. ఆంధ్రలో ఎకరాలు సెంట్లు, తెలంగాణలో ఎకరాలు గుంటలు. ఫ్లాటుకు చదరపు అడుగులు ఒక్కటే రాసి, స్థలంలో అవిభాజ్య వాటా గజాల్లో రాయకుండా వదిలేయడం మేం తరచుగా చూసే తప్పు. చివర్లో "ఇందులో ప్రత్యేకంగా చెప్పని నా మిగతా స్థిర చరాస్తులు ఫలానావారికి" అనే వాక్యం లేకపోతే, తర్వాత బయటపడ్డ డిపాజిట్టు వీలునామాతో పని లేకుండా వారసులందరికీ పోతుంది. ప్రతి పేజీ అడుగునా సంతకం ఉండాలి. ఆఖరి పేజీలో మాత్రమే ఉంటే మధ్య కాగితం మార్చారనే మాట తప్పక వస్తుంది.

"నా భార్య జీవితకాలం అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారులకు" అనే వాక్యం ప్రతి దుకాణంలోనూ సిద్ధంగా ఉంటుంది. దీన్ని వకీలుకు చూపించకుండా వాడకండి. భార్యకు మనోవర్తి హక్కు ఉన్నచోట పరిమిత హక్కు ఇచ్చినా అది హిందూ వారసత్వ చట్టం 14(1) సెక్షను కింద పూర్తి హక్కుగా మారవచ్చని 1977లో మన ఆంధ్ర నుంచి వెళ్లిన తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ వాక్యం మీద ఇప్పటికీ వ్యాజ్యాలు నడుస్తూనే ఉన్నాయి. పిత్రార్జితం సంగతీ అంతే. తండ్రి తన వాటా మేరకే రాయగలడు. కూతుళ్లకు అందులో పుట్టుకతోనే హక్కుందని 2020లో వినీతా శర్మ తీర్పు ఖాయం చేసింది. మొత్తం రాసేసినా ఆఫీసులో అభ్యంతరం పెట్టరు. వీలునామా తెచ్చినప్పుడు ఆస్తి ఎవరిదని అక్కడ విచారణ జరగదు. ముస్లిం కుటుంబాల్లో వారసుల ఒప్పుదల లేకుండా మూడో వంతుకు మించి వీలునామా చెల్లదు. ఆ కుటుంబాలు ఈ మూసలో రాయించుకోకూడదు.

గోప్యత విషయంలో ఆఫీసుకు పూర్తి మార్కులు. వీలునామాలు 3వ నంబరు పుస్తకంలో ఎక్కుతాయి కాబట్టి ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తే కనపడవు. రాసినవారు బతికుండగా ఆయనకో, ఆయన ఏజెంటుకో తప్ప నకలు ఇవ్వరు. తర్వాత ఎవరడిగినా ఇస్తారు. ఇంకా గుట్టు కావాలంటే జిల్లా రిజిస్ట్రారు దగ్గర సీల్ వేసిన కవరులో దాచుకునే పద్ధతి 42వ సెక్షనులో ఉంది. కవరు మీద పేరు, లోపలున్నది ఏమిటన్నది రాయాలి. కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు. చనిపోయాక దరఖాస్తు పెట్టినవారి ఎదుట తెరిచి పుస్తకంలో ఎక్కిస్తారు. అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఉన్నప్పుడు బీరువాకంటే ఇదే నయం. అయితే అక్కడ కవరు ఉందని కనీసం ఒకరికి తెలియాలి, లేకపోతే అది అక్కడే ఉండిపోతుంది. మనసు మారితే కొత్తది రాసుకోవచ్చు. తర్వాత సరైన పద్ధతిలో రాసిన వీలునామా రిజిస్టరు కాకపోయినా, ముందరి రిజిస్టరైనదాన్ని తోసేస్తుంది.

జీపీఏకు వద్దాం. "నాన్నకు మతిమరుపు మొదలైంది, జీపీఏ ఉంది కదా, ఫరవాలేదు" అనే మాట ప్రతి రెండో ఇంట్లో వినిపిస్తుంది. ఫరవాలేదు కాదు. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం, ఇచ్చిన మనిషి చనిపోయినా, మతి తప్పినా ఆ అధికారం అక్కడితో ఆగిపోతుంది. అమెరికాలో ఉన్న పిల్లలు ఇక్కడే ఎక్కువగా పొరబడతారు. అక్కడ డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ ఉంటుంది, మనిషికి స్పృహ పోయినా నడుస్తుంది. మన చట్టంలో అలాంటిది లేదు. డిమెన్షియా ముదిరాక ఆ కాగితంతో ఫ్లాటు అమ్మితే కొన్నవాడూ మునుగుతాడు, అమ్మినవాడూ మునుగుతాడు. మానసిక ఆరోగ్య చట్టం 2017 కింద పెట్టుకునే నామినేటెడ్ ప్రతినిధి వైద్యం వరకే, ఆస్తికి కాదు. నేషనల్ ట్రస్టు చట్టంలోని సంరక్షకుడి ఏర్పాటు ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ లాంటివాటికి, డిమెన్షియాకు కాదు. అందుకే ఎన్నో కుటుంబాలు చివరికి రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టుకు వెళ్తున్నాయి. కోమాలో ఉన్నవారికి సంరక్షకులను ఎలా నియమించాలో 2019లో కేరళ హైకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. ఖర్చు, నెలల సమయం రెండూ అవుతాయి.

విదేశంలోని బిడ్డ తన వాటా పనికి ఇక్కడివారికి జీపీఏ పంపడానికైతే ఇది బాగానే పనిచేస్తుంది. అక్కడ నోటరీ చేయించి అపోస్టిల్ (ఆ దేశ ప్రభుత్వ ధ్రువీకరణ ముద్ర) వేయించడమో, మన కాన్సులేటులో సంతకం చేయడమో చేయాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రారు దగ్గర స్టాంపు వేయించాలి. ఆ గడువు దాటిపోయి మళ్లీ మొదటినుంచి చేయించుకునేవాళ్లే ఎక్కువ.

గిఫ్టు సెటిల్‌మెంటు. రిజిస్టరైన నిమిషానికి ఆస్తి చేతులు మారుతుంది. నచ్చలేదని తల్లి ఒక్కతే వెళ్లి రద్దు దస్తావేజు రాసుకుంటే గిఫ్టు పోదు, ఆస్తి బదిలీ చట్టం 126వ సెక్షను దానికి ఒప్పుకోదు. స్టాంపు ఖర్చు ఆస్తి విలువలో శాతం లెక్కన పడుతుంది. ఇంత జరిగాక కోడలూ కొడుకూ పలకరించడం మానేస్తే ఆమెకు మిగిలే ఆసరా తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోని 23వ సెక్షను. కనీస అవసరాలు చూడాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినప్పుడు ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. ప్రాణం ఉన్నది ఆ షరతులోనే. అది లేదని 2022లో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు వృద్ధురాలికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో మాత్రం చట్టాన్ని వృద్ధుల పక్షాన ఉదారంగా చదవాలంది, ఇల్లు ఖాళీ చేయించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని చెప్పింది. అక్కడ కొడుకు రాసిచ్చిన హామీ పత్రం ఉంది.

లేఖరి మూసలో ఉండేది "ప్రేమాభిమానాలచేత" అనే ఒక్క మాట. అది షరతు కాదు. దస్తావేజులోనే ఇలా ఉండాలి: "గ్రహీత నా జీవితాంతం నాకు భోజనం, వసతి, మందులు, వైద్యం చూడాలి. ఈ ఇంటి కింది అంతస్తులో నివసించే హక్కు నాకే ఉంటుంది. ఈ షరతు తప్పితే 2007 చట్టం 23వ సెక్షను కింద ఈ దస్తావేజు రద్దు కోరే హక్కు నాకుంది." మూడు వాక్యాలు. రాయనంటే ఆ దుకాణం వదిలి పక్క దుకాణానికి వెళ్లండి. ఆ షరతు చూసి గ్రహీత మొహం మాడ్చుకుంటే, ఆ రోజు రిజిస్ట్రేషన్ ఆపేయడమే మంచిది.

ట్రిబ్యునల్ అంటే మన రెండు రాష్ట్రాల్లో ఆర్డీవో దగ్గరే. 60 ఏళ్లు నిండినవారెవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు, కదలలేకపోతే వారు అధికారమిచ్చిన మనిషో సంస్థో పెట్టవచ్చు. మనోవర్తి దరఖాస్తు నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని చట్టం, మనోవర్తి నెలకు 10,000 రూపాయలు మించకూడదు. ఇప్పటి మందుల ధరలకు ఆ పరిమితి ఏ మూలకూ చాలదు, పెంచాలి. దస్తావేజు నకలు, వైద్య బిల్లులు, ఎప్పటినుంచి చూడటం లేదో తేదీలతో ఒక పేజీ జత చేస్తే విచారణ వేగంగా సాగుతుంది. పిల్లలు లేనివారు, తమ ఆస్తి అనుభవిస్తున్న లేదా రేపు పొందబోయే బంధువు మీద కూడా అడగవచ్చు.

బ్యాంకు పని రిజిస్ట్రారు ఆఫీసుతో సంబంధం లేనిదే, అయినా ఇవే చేతుల మీదుగా నడుస్తుంది. 2025 నవంబరు 1 నుంచి ఖాతాకు నలుగురు నామినీలను పెట్టుకోవచ్చు, వాటాలు కూడా రాయవచ్చు. లాకరుకైతే ఒకరి తర్వాత ఒకరు. నామినీ డబ్బు తీసుకునే మనిషే కానీ సొంతదారు కాదు. వీలునామాలో ఒకరి పేరు, నామినేషన్లో ఇంకొకరి పేరు ఉంటే తోబుట్టువులు కోర్టుకెక్కుతారు, రెండూ ఒకేలా ఉంచండి. సంతకం పెట్టలేని ఖాతాదారు వేలిముద్రతో, అదీ కాకపోతే కాలి వేలిముద్రతో డబ్బు తీయవచ్చు. ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. రిజర్వు బ్యాంకు నియమమే ఇది. కౌంటరులో తెలియదంటే మేనేజరుకు రాతపూర్వకంగా పెట్టండి. 70 దాటినవారికి ఇంటి దగ్గర బ్యాంకింగ్ సేవ అడగవచ్చు. ఆయన పోయిన మర్నాడు అంత్యక్రియల ఖర్చుకని ఏటీఎం కార్డు వాడటం మాత్రం వద్దు. ఆ స్టేట్‌మెంటు తర్వాత మీ మీదే పెద్ద ఆరోపణ అవుతుంది.

వీలునామా రాసే రోజే లివింగ్ విల్లు (చివరి దశలో తనకు ఏ వైద్యం కావాలో వద్దో ముందే రాసిపెట్టే పత్రం) కూడా రాసుకుంటే సాక్షులు, డాక్టరు అక్కడే ఉంటారు. 2018 తీర్పులో మేజిస్ట్రేటు సంతకం కావాలన్న నియమాన్ని 2023 జనవరిలో సుప్రీంకోర్టు సడలించింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు చాలు. నయంకాని స్థితిలో వెంటిలేటరు మీద కొనసాగించాలా వద్దా అన్నది తన మాటగా రాసి, ఎవరు నిర్ణయం చెప్పాలో పేర్లు పెట్టాలి. ఒక నకలు రోజూ చూపించే డాక్టరు ఫైలులో, ఒకటి ఇంట్లో మందుల డబ్బా పక్కన ఉంచండి, అంబులెన్సు ఎక్కేటప్పుడు చేతికి అందేచోట.